గడప దాటితే ఆగిపోయే డబ్బా

అయిజలో గద్వాల రోడ్డు మీద అనంతయ్యకు మూడు షట్టర్లున్నాయి. మొదటిదాంట్లో ఆయన పత్తి విత్తనాల దుకాణం. మూడోదాంట్లో చెన్నయ్య సెల్‌ఫోన్లూ, రీచార్జి కార్డులూ, సీడీలూ అమ్ముతాడు. నడిమి షట్టరు ఇస్రాయేలుది. టీవీలు, టేపు రికార్డర్లు, మిక్సీలు, ఆఖరికి రైతుల మోటరు స్టార్టర్లు కూడా బాగుచేస్తాడు. చర్చి వెనకున్న వాడలో పుట్టినవాడికి మెయిన్ రోడ్డు మీద షట్టరు దొరకడం అంతకుముందు ఆ ఊళ్లో జరగలేదు. ఆ సంగతి ఇస్రాయేలు మరిచిపోదామన్నా అనంతయ్య మరవనిచ్చేవాడు కాదు. దుకాణానికి కొత్త మనిషి వస్తే చాలు, వేలెత్తి చూపించేవాడు.

"మనకు గసొంటి పట్టింపులు లేవు సారూ. పనితనం ఉంటే సాలు. సూడు, నా పక్కనే కూసోబెట్టుకున్న."

కూర్చోబెట్టుకున్నదేమీ లేదు. అందరికిచ్చినట్టే అద్దెకిచ్చాడు. అయినా ఇస్రాయేలు తల వంచి, ఏదో ఒక స్క్రూ తిప్పుతూ వినేవాడు. ఆ షట్టరు ఊడితే ఇంకో షట్టరు రాదని ఆయనకు తెలుసు. వాడలో ఇంటి ముందు బల్ల వేసుకుంటే ఊళ్లోని టీవీలు అక్కడిదాకా నడిచిరావు. కాబట్టి ఆయనకున్న ఆస్తంతా ఆ నాలుగు గోడల జాగా, "ఇస్రాయేలు చేస్తే మళ్ల చూడ పన్లేదు" అని బజారు అనే ఆ ఒక్క మాట. అంతే.

పని రాయచూరులో నేర్చుకున్నాడు. అమ్మానాన్నలు మేస్త్రీ వెంట కాల్వ పనులకు పోతూ పోతూ, పన్నెండేళ్లవాణ్ని అక్కడో ముసలి రేడియో మెకానిక్ దగ్గర వదిలిపోయారు. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్లు. ఆయన చెప్పినవాటిలో రెండు ఇస్రాయేలు ఎన్నడూ విడవలేదు. ఒకటి, మిషన్ అబద్ధం చెప్పదు, తెచ్చినవాడు చెప్తాడు. రెండోది ఎర్రచుక్క. ఏ పార్టు ముట్టినా దాని మీద ఆడవాళ్లు గోళ్లకు పెట్టుకునే ఎర్రరంగుతో ఒక చుక్క పెట్టాలి. మూత లోపలి వైపు తారీఖు రాయాలి. రేపు ఎవడైనా వచ్చి "నా మంచి పార్టు మింగి పాతది పెట్టినవ్" అంటే, మూత తెరిచి చూపించాలి. "బేటా, మనకు నోరు లేదు. చుక్కే మన నోరు" అనేవాడు ఉస్తాద్.

ఆ ఏడు, అంటే రెండువేల ఏడు డిసెంబరులో, అనంతయ్య కొడుకు నరేందర్ మల్దకల్ జాతరకు పోయి వస్తూ బైకు మీంచి పడ్డాడు. కర్నూలు దవాఖానలో కాలికి రాడ్డు వేసి మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. ఇరవై రెండేళ్ల పోరగాడు. మంచం మీద ఉంటే ఇల్లు పీకి పందిరేశాడు. అన్నం గిన్నె విసిరేశాడు, నాయనమ్మ సత్తెమ్మను తిట్టాడు. తండ్రి తట్టుకోలేక హైదరాబాదు నుంచి టీవీకి తగిలించుకొని ఆడే గేమ్ డబ్బా తెప్పించాడు. నల్లటి డబ్బా, దానికి తీగలతో రెండు చేతి రిమోట్లు. రోడ్డు మీద బైకు తోలలేక పడ్డవాడు మంచం మీద రేసు కార్లు తోలడం మొదలుపెట్టాడు. ఇల్లు చల్లబడింది.

పదిరోజులు చల్లగా ఉంది. పదకొండో రోజు నుంచి డబ్బా ఆగిపోసాగింది. ఆట మంచి జోరు మీదుండగా టప్పున ఆగుతుంది. కాసేపటికి నొక్కితే మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆగుతుంది. నరేందర్ ఫోను చేశాడు.

"ఇస్రాయేలన్నా, గెలిచే టైముకు ఆగిపోతున్నదే! నాకు పిచ్చి లేస్తున్నది."

"వోల్టేజీ సంగతేమో తమ్మీ. పొలాల మోటర్లు నడిచేటప్పుడు ఆగుతున్నదా, అన్ని టైములల్లనా?"

"అన్ని టైములల్ల."

స్టెబిలైజరు పంపించాడు. అయినా ఆగింది. అప్పుడు డబ్బా షట్టరుకొచ్చింది, అనంతయ్య జీతగాడు దేవరాజు చేతి సంచిలో.

ఇస్రాయేలు అటువంటి మిషన్‌ను అంతకుముందు చూసి ఎరగడు. కానీ కరెంటు మీద నడిచేది ఏదైనా మూడు రకాలుగానే చస్తుంది. ఆకలితో, వేడితో, దెబ్బతో. నాలుగు స్క్రూలు విప్పి మూత తీశాడు. నవ్వొచ్చింది. లోపలి చిన్న ఫ్యాను రెక్కలు పత్తి నూగుతో చుట్టుకుపోయి దూది ఉండలా ఉన్నాయి. అనంతయ్య ఇంటి నడిమింట్లో విత్తనపత్తి కుప్ప పోసి ఉందని ఊరందరికీ తెలుసు. ఫ్యాను తిరగక డబ్బా కాగి, కాగి, తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతున్నది. నూగంతా చిన్న పట్టుకారుతో పీకి, బ్రష్షుతో దులిపి, ఫ్యానుకు చుక్క నూనె వేశాడు. ఎర్రచుక్క పెట్టాడు. తారీఖు రాశాడు. తన షట్టరులోని టీవీకి తగిలిస్తే పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళదాకా ఆగకుండా నడిచింది. చెన్నయ్య తన దుకాణం వదిలేసి వచ్చి నాలుగు రేసులు ఆడాడు, నాలుగూ ఓడిపోయాడు. డబ్బా దేవరాజు చేతిలో ఇంటికి పోయింది.

రెండో రోజు నరేందర్ ఫోను. మళ్లీ ఆగిపోతున్నది.

ఈసారి ఆగడం వేరుగా ఉంది. కాగి ఆగడం కాదు. పెట్టీపెట్టగానే ఆగుతుంది, ఒక్కోసారి అసలు వెలగనే వెలగదు. మూత తీస్తే ఫ్యాను శుభ్రంగా తిరుగుతున్నది. కరెంటు వచ్చే బోర్డు మీద మాత్రం ఏదో ఎండిపోయిన మరక. పసుపుపచ్చగా, అంచుల్లో పొక్కులు కట్టి. ఇస్రాయేలు దేవరాజును అడిగాడు.

"పప్పుచారు గిట్ల ఒలికిందా?"

"తెల్వదు. నేను లోపలికి పోను గద."

నరేందర్‌కు ఫోను చేస్తే ఒట్టేసి చెప్పాడు. "పక్కన నీళ్ల గిలాస గూడ పెట్టనియ్య అన్నా. నా పాణం లెక్క చూసుకుంటున్న." వాడి గొంతులో అబద్ధం లేదు. మరి మిషన్ కూడా చెప్పదు కదా. ఇస్రాయేలు థిన్నరు పెట్టి మరకను కడిగి, ఎండకు ఆరబెట్టి, ఒక పార్టు మార్చి, దానికో ఎర్రచుక్క పెట్టాడు. రెండు రోజులు షట్టరులో నడిపాడు. ఒక్కసారి ఆగలేదు. ఇంటికి పోయిన నాటి మాపటికే ఆగిపోయింది.

మూడోసారి డబ్బాను అనంతయ్యే స్వయంగా తెచ్చాడు. విత్తనాల కోసం వచ్చిన రైతులు ఆరేడుగురు ఉండగా బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"ఏంది ఇస్రాయేలూ? నీ తాన నడుస్తది, నా ఇంట్ల ఆగుతది. గిదేం మాయ? మంచి పార్టు తీసి పాతది గిట్ల ఏసినవా ఏంది?"

ఇస్రాయేలు చెవులు వేడెక్కాయి. మూత విప్పి చూపించాడు. "గివి నా చుక్కలు పటేలా. నేను ముట్టిన కాడ చుక్క ఉంటది. చుక్క లేని పార్టు నేను ముట్టలే."

"చుక్క పెట్టుకున్నది నువ్వే గదనయ్యా. దొంగ తనకు తానే సాక్ష్యం చెప్పినట్టుంది."

రైతులు నవ్వారు. పెద్ద నవ్వు కాదు, ఊరికే, పెద్దమనిషి మాటకు మర్యాదగా నవ్వే నవ్వు. కానీ పదిహేనేళ్లు కూడబెట్టుకున్న మాట ఆ నవ్వులో సగం కరిగిపోయిందని ఇస్రాయేలుకు అర్థమైంది.

"పటేలా, మిషన్‌ల మరక ఉన్నది. ఏదో పడుతున్నది. అది పెట్టిన జాగ నేను కండ్లతోని చూడాలె. ఒక్కసారి ఇంటికొస్త."

అనంతయ్య రైతుల వైపు చూసి, గోడ క్యాలెండరు వైపు చూసి, "లోపల ఆడోళ్లుంటరు" అన్నాడు. మళ్లీ తానే, "సరే, బాగ చేసినంక నువ్వే తీస్కరా. వరండాల టీవీ పెట్టిపిస్త. ఆడ చూస్కో" అన్నాడు.

వరండాలో చూస్తే ఏం తెలుస్తుంది? ఆగేది లోపల. అయినా ఇస్రాయేలు తలూపాడు.

మూడు రోజుల తర్వాత మరక మళ్లీ కడిగిన డబ్బాను తానే గుండెలకు పట్టుకుని తీసుకుపోయాడు. వరండాలో స్టూలు మీద టీవీ సిద్ధంగా ఉంది. తగిలించాడు. గంటసేపు నడిచింది. లోపలినుంచి నరేందర్ కేకలు వేస్తున్నాడు. "బాగైందా అన్నా? లోపలికి తేరాదూ!" ఇస్రాయేలు తీగలన్నీ పీకి, డబ్బాను గడప ముందు పెట్టి, అనంతయ్య తీసుకుపోతాడని పక్కకు జరిగాడు.

అనంతయ్య తీసుకోలేదు. సెల్‌ఫోను తీసి అందులో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

సత్తెమ్మ బయటికొచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు, చెంబులో మామిడి రెమ్మ. డెబ్బై ఏళ్ల మనిషి. ముఖాన పెద్ద బొట్టు, కళ్లల్లో మంచితనం. అబద్ధం ఎందుకు, నిజంగానే మంచితనం. ఇస్రాయేలును చూసి నవ్వింది.

"బాగున్నవా బిడ్డా? మీ అమ్మకు మోకాళ్లు తగ్గినయా? పాపం, నా చేన్ల ఎంత పని చేసిందో అమృతమ్మ."

అడుగుతూనే రెమ్మను చెంబులో ముంచి డబ్బా మీద చల్లింది. ఒకసారి కాదు, మూడుసార్లు. పసుపు నీళ్ల చుక్కలు నల్లటి మూత మీద మెరిసి, గాలాడడానికి పెట్టిన సందుల్లోంచి ఒక్కొక్కటే లోపలికి జారిపోయాయి. ఏ చుక్క ఎక్కడ పడుతుందో, పడి ఏ బోర్డు మీద నిలుస్తుందో ఇస్రాయేలుకు మూత తీయకుండానే కనిపించింది. మరక ఎక్కడిదో తెలిసింది. అంతకుముందు రెండుసార్లూ ఎందుకు ఆగిందో తెలిసింది. అసలు మొదటిసారి ఆగింది పత్తి నూగుకు. ఆ తర్వాతవన్నీ తన చేతికి.

కోపం రాలేదు ముందు. సిగ్గేసింది. తప్పు చేసింది వాళ్లయితే సిగ్గు తనకెందుకు వేసిందో ఆయనకు చాలా రోజులదాకా బోధపడలేదు.

"అవ్వా, నీళ్లు లోపలికి పోతున్నయి. అందుకే ఆగుతున్నది."

సత్తెమ్మ ఆశ్చర్యపోయింది. "ఉత్త నీళ్లు గావు బిడ్డా, పసుపు నీళ్లు. పసుపు ఏం చేస్తది? మంచి చేస్తది గాని. దేవుని గూటి పక్కనే పెడ్తున్నం గద, చల్లకుంటె ఎట్ల? నువ్వేమనుకోకు." మళ్లీ ఒకసారి చల్లి, చెంగుతో డబ్బాను తుడిచి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని లోపలికి పోయింది.

గేటు దాకా అనంతయ్య వెంట వచ్చాడు. తేలు కుట్టిన దొంగలా ఉంది ఆయన వాలకం.

"పాతకాలపు మనిషి. చెప్తే ఇనది. నేను మొత్తుకున్న, నాకైతే ఏం లేదని. గీ ముచ్చట బజార్ల అనకు."

"మరి మీరే చెప్పున్రి పటేలా, చల్లొద్దని."

"అమ్మకు నేనెట్ల చెప్తనయ్యా? నువ్వు మెకానిక్‌వి. నువ్వే ఏదన్న చెయ్యి. నీళ్లు పోకుండ ఆ సందులు మూసెయ్యి."

"సందులు మూస్తే గాలాడదు. కాగి ఆగిపోతది."

"తెరిస్తే?"

"నీళ్లు పోయి ఆగిపోతది."

అనంతయ్య చిరాకు పడ్డాడు. తప్పంతా డబ్బాదేనన్నట్టు. "మరేం మెకానిక్‌వి నువ్వు!" అనేసి లోపలికి పోయాడు.

ఆ రాత్రి ఇస్రాయేలు అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. భార్య మణెమ్మ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఆమెకు కొత్త విషయం కాదు. పత్తి పూలకు పుప్పొడి అంటించే క్రాసింగు పనికి పోయినప్పుడు అనంతయ్య వాళ్ల పెరట్లో పైనుంచి పోసే నీళ్లు దోసిలి పట్టి తాగిన మనిషే.

"బజార్ల చెప్పు. నా పనిల తప్పు లేదు, మీ ఇంటి పసుపు నీళ్లల్ల తప్పున్నదని చెప్పు."

"చెప్తే షట్టరు పోతది."

"చెప్పకుంటె?"

చెప్పకుంటే పేరు పోతుంది. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అన్నట్టుంది ఆయన పరిస్థితి. మణెమ్మ కంచం తీసి పక్కన పెట్టింది.

అనుకున్నట్టే డబ్బా మర్నాటికి ఆగిపోయింది. కానీ ఈసారి ఇస్రాయేలు దగ్గరికి రాలేదు. చెన్నయ్య దగ్గరికి పోయింది. నడిమి షట్టరు ముందు నుంచే దేవరాజు సంచి పట్టుకుని తల పక్కకు తిప్పుకుని పోయాడు. ఇస్రాయేలు చూస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక వెనక తలుపు చప్పుడైంది. చెన్నయ్య. చేతిలో అదే సంచి.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత, జర నువ్వే చెయ్యి. నాకు స్క్రూ ఎటు తిప్పాల్నో గూడ తెల్వదు."

"మరెందుకు తీస్కున్నవ్?"

చెన్నయ్య గొంతు తగ్గించాడు. "పటేలే చెప్పిండన్నా. చేసేది ఇస్రాయేలే చెయ్యనీ, కాని నీ చేతుల మీదికెల్లి రావాలె అన్నడు. నీ చేత్తోని వొస్తే అమ్మ నీళ్లు చల్లదు అన్నడు."

ఇస్రాయేలు చాలాసేపు ఆ సంచి వైపు చూశాడు. విసిరేయాలనిపించింది. విసిరేస్తే నష్టం ఎవరికి? మంచం మీద ఆ పిల్లగాడు ఎదురు చూస్తూ ఉంటాడు. వాడొక్కడే ఆ ఇంట్లో అన్నా అని పిలుస్తాడు. ఇంకో మాట కూడా ఉంది. పాడైన మిషన్ కళ్లెదుట ఉంటే బాగుచేయకుండా ఉండలేని జబ్బు ఇస్రాయేలుది. ఆ జబ్బే ఆయన్ను ముంచింది. మూత విప్పాడు, కడిగాడు, ఆరబెట్టాడు, చుక్క పెట్టాడు, తారీఖు రాశాడు. చెన్నయ్య సంచిలో వేసుకుని పోయాడు.

డబ్బా ఇంక ఆగలేదు. ఎందుకు ఆగుతుంది?

వారం తిరగకుండా బజారంతా ఒకటే మాట. ఇస్రాయేలు మూడుసార్లు చేసినా కానిది చెన్నయ్య ఒక్కసారికే చేశాడు. హైదరాబాదు మిషన్లు ఇస్రాయేలుకు ఏం తెలుస్తాయి, రేడియోలు చేసేటోడు. జనం తమ టీవీలు, మిక్సీలు చెన్నయ్య దగ్గర పెట్టసాగారు. చెన్నయ్య వెనక తలుపు నుంచి వాటిని ఇస్రాయేలు బల్ల మీదికి తెచ్చేవాడు, మళ్లీ వెనక తలుపు నుంచే పట్టుకుపోయేవాడు. సొమ్మొకడిది సోకొకడిది. చెన్నయ్య మొదట్లో సిగ్గుపడ్డాడు. తర్వాత అలవాటు పడ్డాడు. ఆ తర్వాత "ఫ్యాను చూసినవా, కండెన్సరు చూసినవా" అని ఇస్రాయేలుకే చెప్పడం మొదలుపెట్టాడు.

ఇరవై రోజులు గడిచాయి. ఒక పొద్దున షట్టరు తీసేసరికి పెయింటరు నిచ్చెన వేసుకుని ఉన్నాడు. ఇస్రాయేలు బోర్డు కింద గోడకు ఆనించి ఉంది. పైన కొత్త రేకు మీద 'చెన్నయ్య ఎలక్ట్రానిక్స్' అని సగం అక్షరాలు పడ్డాయి. అనంతయ్య కింద నిలబడి రంగు ఎట్లుండాలో చెబుతున్నాడు.

"ఇస్రాయేలూ, నీకే చెప్దామనుకుంటున్న. బోర్డు మీద చెన్నయ్య పేరుంటది, లోపల పని నీదే. నీ జాగ నీకే ఉంటది. గిరాకి పెరుగుతది. నీకేం తేడా?"

"పదిహేనేండ్ల బోర్డు పటేలా."

"ఏం చేస్తం మరి? నువ్వు చేస్తే ఆగుతున్నదని జనం అనవట్టిరి. నేననలే, జనం."

ఈ మాట అన్నప్పుడు అనంతయ్య ముఖంలో దాపరికం ఏమీ లేదు. అదే ఇస్రాయేలుకు పట్టరానిదయింది. ఈ మనిషికి నిజం తెలుసు. తెలిసి, దాన్ని మింగి, తేనుపు కూడా రాకుండా నిలబడ్డాడు. ఇన్ని రోజులూ సిగ్గనుకున్నది సిగ్గు కాదని, అది కోపమేనని ఆ క్షణాన ఇస్రాయేలుకు తెలిసింది. చేతిలో ఉన్న తాళం బల్ల మీద పెట్టాడు. స్క్రూడ్రైవరు ఒకటి జేబులో పెట్టుకున్నాడు. నడి రోడ్డు మీదుగా అనంతయ్య ఇంటికి నడిచాడు. అనంతయ్య వెనకనుంచి "ఏడికి? ఓయ్, ఏడికి?" అంటూనే ఉన్నాడు.

వాకిట్లో పదిమంది ఆడకూలీలు పత్తిలో చెత్త ఏరుతున్నారు. సగం మంది వాడవాళ్లే. నరేందర్ వరండా అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. పక్కన చంకకర్ర. ఈ మధ్యే దాని ఆసరాతో మంచం దిగుతున్నాడు.

"అన్నా! ఎన్ని రోజులకు!"

"డబ్బా నడుస్తున్నదా తమ్మీ?"

"ఇరవై దినాలాయె, ఒక్కసారి ఆగలే. చెన్నయ్య చెయ్యి మంచిది అన్నా. నువ్వేమనుకోవద్దు గాని."

"జర ఈడికి తెప్పిస్తవా?"

నరేందర్ తల్లి లోపలినుంచి తెచ్చి కొడుకు ఒళ్లో పెట్టింది. ఇస్రాయేలు అరుగు కిందే నిలబడి స్క్రూడ్రైవరు అందించాడు. "కింద నాలుగు స్క్రూలున్నయి. నువ్వే ఇప్పు. నేను ముట్ట."

నరేందర్‌కు అర్థం కాకపోయినా విప్పాడు. మూత వెనక్కి తిప్పాడు. లోపలివైపు వరసగా తారీఖులున్నాయి. బోర్డు మీద ఎర్రచుక్కలు. కూలీలు చేతుల్లో పత్తి అట్లాగే పట్టుకుని చూస్తున్నారు.

"ఆఖరి తారీఖు చదువు."

నరేందర్ చదివాడు. తలెత్తాడు. "గిది చెన్నయ్య చేసిన దినం గద?"

"చేసింది నేను. మోసింది చెన్నయ్య. అన్నిసార్లు చేసింది నేనే తమ్మీ. నా తానికెల్లి వచ్చిన ప్రతిసారి మీ గడప మీద దాని నెత్తిన పసుపు నీళ్లు పడ్డయి, లోపలికి పోయినయి, అది ఆగింది. చెన్నయ్య చేతిల వచ్చినప్పుడు నీళ్లు పడలే, నడిచింది. గంతే. నా పనిల తప్పు లేదు. గీ ఒక్క మాట చెప్పనీకొచ్చిన."

నరేందర్ ముఖం ఎర్రబడింది. వాడికి నిజంగా తెలియదు. గడప మీద ఏం జరుగుతుందో మంచం మీదికి కనిపించదు.

గుమ్మంలో సత్తెమ్మ ఉంది. ఎప్పుడొచ్చిందో. అంతా విన్నది. ఆమె తిట్టలేదు, అరవలేదు. ముఖం మాత్రం పాలిపోయింది.

"అంటె, ఇరవై దినాలు దేవుని పక్కన ఉన్నది..." అని తనలో తాను అనుకుంటున్నట్టు అని లోపలికి పోయింది.

వచ్చేటప్పుడు చెంబు నిండుగా ఉంది. రెమ్మ లేదు.

"అవ్వా, వద్దే! మూత తీసున్నది! అవ్వా!" నరేందర్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆమె వాడి చేతుల మీదుగానే వంచింది. చల్లడం కాదు, పోసింది. ఇరవై రోజుల బాకీ ఒక్కసారే తీర్చినట్టు చెంబెడు నీళ్లూ పోసింది. నీళ్లు బోర్డు మీద నిలిచి, ఫ్యానులోంచి కారి, నరేందర్ లుంగీ తడిపి, అరుగు మీదుగా ఇస్రాయేలు కాళ్ల దాకా వచ్చాయి. ఆయన కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

అనంతయ్య రొప్పుతూ గేట్లోకి వచ్చేసరికి అయిపోయింది. కూలీలను చూశాడు. డబ్బాను చూశాడు. తల్లిని చూడలేదు.

"ఇప్పుడు సల్లగున్నదా నీకు? మొత్తం నాశనం చేసినవ్ గద! రేపు పొద్దుగూకే వరకు షట్టరు ఖాళీ చెయ్యి."

"చేస్త పటేలా."

ఇంత తేలిగ్గా ఆ మాట వస్తుందని ఇస్రాయేలు అనుకోలేదు. షట్టరు పోయింది. ఏడుపు రావాలి, వస్తుంది కూడా, ఇంటికి పోయాక మణెమ్మ ముందు. కానీ వాకిట్లో పదిమంది చూశారు. డబ్బా ఎందుకు ఆగుతుందో చాటుమాటు లేకుండా, పట్టపగలు, కళ్లారా చూశారు. మాపటికి వాడకు తెలుస్తుంది, రేపటికి బజారుకు తెలుస్తుంది. తెలిసి బజారు ఏం చేస్తుందంటే ఏమీ చేయదు. అది కూడా ఆయనకు తెలుసు.

వెనక్కి తిరిగాడు. నరేందర్ పిలిచాడు. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది.

"అన్నా... మళ్ల బాగైతదా?"

ఇస్రాయేలు ఆగి డబ్బా వైపు చూశాడు. పసుపు నీళ్లు ఇంకా చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి.

"అయితది తమ్మీ. కరెంటు పెట్టకు. థిన్నరుతోని కడిగి, నాలుగు దినాలు ఎండకు పెడితే అయితది. కాని నేను ముట్టాలె."

నరేందర్ నాయనమ్మ వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు. డబ్బాను ఒళ్లోనే పట్టుకుని కూర్చున్నాడు. ఇస్రాయేలుకు ఇవ్వనూ లేదు, లోపలికి పంపనూ లేదు.